నేను సగమే విన్న పాట

పోయిన వారం మదనపల్లె టమోటా మార్కెట్టు గేటు దగ్గర ఒక లోడు ఆటోలో నా పాట మోగుతోంది. నా పాట అని రాయడం ఇంకా మానుకోలేకపోతున్నాను, చెయ్యి అలవాటు పడిపోయింది. డ్రైవరు సీట్లో కాలు మీద కాలేసుకుని, టీ తాగుతూ, కళ్లు మూసుకుని వింటున్నాడు. ఇదివరకయితే ఆగి, ఎవరు పాడింది అని అడిగి, ఆ పాట రాసినవాణ్ణి నేనేనని ఎలాగో ఒకలా మాటల్లోకి తెచ్చి, అతను లేచి నిలబడితే మురిసిపోయేవాణ్ణి. ఆ రోజు తల దించుకుని అవతలి వైపు నుంచి నడిచి వచ్చేశాను. ఆ పాట సంగతి మొదటి నుంచి చెబితే నా పరువు పోతుంది. పోవలసిన పరువే కాబట్టి చెబుతున్నాను.

నేను చాలా ఏళ్లుగా పెళ్లిళ్లకూ జాతరలకూ ఆర్కెస్ట్రా నడుపుతున్నాను. కీబోర్డు వాయిస్తాను, మైకు పట్టుకుని నాలుగు జోకులేస్తాను, గొంతు బాగున్న రోజు ఒకటో రెండో పాడతాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పల్లెల్లో కలుపు తీస్తూ ఎవరో పాడుకునే పాట గానీ, గొర్రెల వెంట నడిచే మనిషి తీసే కూనిరాగం గానీ చెవిన పడితే ఫోన్లో పట్టుకుంటాం. దాన్ని మాలో మేము ఊరి పాట అంటాం. ఊరి పాటను ముందు ఎవరు కీబోర్డు మీదికి ఎక్కిస్తారో అది వాళ్లదే. ఇంకో ఆర్కెస్ట్రా ఎక్కించినదాన్ని మేము ముట్టుకోం, మేము ఎక్కించినదాన్ని వాళ్లు ముట్టుకోరు. ఇందులో మేమంతా చాలా నీతిమంతులం. అసలు పాడిన మనిషి ఎవరని మాత్రం మాలో ఎవరమూ ఎవరినీ అడగం. ఇన్నేళ్లలో ఆ పద్ధతిలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఏడేళ్ల కిందట చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో నిశ్చితార్థానికి వాయించాం. మరుసటి పొద్దున బయల్దేరబోతే వ్యాను టైరు పంక్చరై ఉంది. పుంగనూరు నుంచి మెకానిక్కు రావాలి. పక్కింటి రైతు మమ్మల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, పాలు పితకడమే ఆలస్యం, కాఫీ వచ్చేస్తుందన్నాడు. అంతలో ఇంటి వెనక కొట్టంలోంచి ఆడమనిషి గొంతు వినిపించింది. పెద్ద గొంతు కాదు. అవతలి గదిలో ఎవరో నిద్రపోతుంటే పాడినట్టు పాడుతోంది. పాట వినపడితే కాళ్లు ఆగని జబ్బు నాది, లేచి వెళ్లాను.

యాభై ఏళ్లుంటాయి ఆమెకు. రైతు భార్య. పుంగనూరు పొట్టి ఆవు పక్కన గొంతుక్కూర్చుని, ఒక చేత్తో దాని పొదుగు నిమురుతూ పాడుతోంది. దూడ పోయి అయిదు రోజులైందట. దూడ పోయిన ఆవు పాలు చేపదు, పొదుగులో ఉన్నా కిందికి వదలదు. అందుకని చాలామంది చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ఆవు ముందర నిలబెడతారు. తన దూడే అనుకుని అది నాకుతూ పాలు వదిలేస్తుంది. ఆ కొట్టంలో అట్లాంటి బొమ్మేమీ కనిపించలేదు.

"గడ్డి దూడను పెట్టలేదా అమ్మా?" అని అడిగాను.

"దాన్ని మోసం సేసేది యాలప్పా" అంది ఆమె తల తిప్పకుండానే. "పోయిందని దానికీ తెలుసు. పిలిస్తే కొంచెం ఊరట, అంతే."

"మళ్లీ ఒకసారి పాడమ్మా, ఫోన్లో పట్టుకుంటాను."

"పట్టుకో. ఆవుకి పాడేది నీకి యాడ పనికొస్తాదో ఏమో" అని నవ్వి, మళ్లీ మొదటి నుంచి పాడింది. ఒక్కపారి వచ్చిపో, పొద్దెక్కక ముందే వచ్చిపో అని మొదలు. మూడు చరణాలు. చెవి వెనక పెట్టిన సుక్క గురించి ఒక మాట, మూతి మీద పాల నురగ గురించి ఒక మాట ఉన్నాయి. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి పాలు వదిలింది ఆవు. బకెట్టులో ధార పడే చప్పుడు కూడా నా ఫోన్లోకి ఎక్కింది. ఆ పాలతోనే కాఫీ తాగి, టైరు వేయించుకుని మదనపల్లె వచ్చేశాం.

నెల తిరక్కుండా దాన్ని రికార్డు చేశాను. దూడ పాటని ఎవరు వింటారని మాటలు మార్చాను. ఒక్కపారి వచ్చిపో అన్నది ఒక్కసారి వచ్చిపోవా అయింది. పొద్దెక్కక ముందే అన్నది పొద్దు వాలకముందే అయింది. సుక్క తీసేశాను, నురగ తీసేశాను. వాటి బదులు కన్నులూ వెన్నెలా పెట్టాను. ఆ రోజు మా ప్యాడ్ వాయించేవాడికి కామెర్లు, మంచం దిగలేదు. అందుకని దరువు లేకుండా ఒక గిటారు, నా కీబోర్డు, నర్సింగు చదివే ఒక అమ్మాయి గొంతు, అంతే. తర్వాత అందరూ ఎంత సాఫ్ట్‌గా ఉంది, ఎంత అభిరుచి అని మెచ్చుకుంటే, కావాలనే దరువు వద్దనుకున్నానని చెప్పాను. కామెర్ల సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు, అలాంటివాణ్ణి నేను.

పాటను నెట్‌లో పెట్టేటప్పుడు రచన అని ఒక గడి వచ్చింది. ముందు జానపదం అని కొట్టాను. గడి చాలా బోసిగా కనిపించింది. చెరిపేసి నా పేరు కొట్టాను. కింద సంగీతం అన్న గడిలో కూడా నా పేరే. దానికి పట్టిన సమయం అర నిమిషం.

ఆ సాయంత్రమే మా ఇంట్లో ఒకటి జరిగింది. మా ఆవిడ నా ఫోన్లో ఏదో ఫోటో వెతుకుతూ ఆ కొట్టం రికార్డింగు నొక్కింది. వంటింటి గట్టుకు ఆనుకుని వింటూ నిలబడిపోయింది.

"ఎవురు ఈమె?" అంది. "మీ పాట కంటే ఇదే బాగుండాది."

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండిపోయింది. పాట మధ్యలో ఉండగానే ఫోన్ లాక్కుని ఆపేశాను. ఆమె చూస్తుండగానే తుడిచేశాను. తుడిచినవి నెలరోజులు దాగి ఉండే చోటు ఒకటి ఉంటుంది కదా, అక్కడికీ వెళ్లి తుడిచేశాను. మా ఆవిడ పొయ్యి వైపు తిరిగి చారుకు పోపు పెట్టుకుంది. ఆ తర్వాత నా పాటల గురించి ఆమె ఎప్పుడూ మంచీ చెడూ మాట్లాడలేదు. నేను అప్పట్లో అది గమనించలేదు.

పాట పైకి లేచింది. మొదట పుంగనూరు బ్యాండు మేళం వాళ్లు పెళ్లికూతుర్ని తీసుకొచ్చేటప్పుడు వాయించారు. బాకాల మీద అది ఎంత పెద్దగా మోగినా సాఫ్ట్‌గానే ఉందని జనం అన్నారు. తర్వాత బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే ఒక జంట బాల్కనీలో పూలకుండీల మధ్య కూర్చుని పాడారు. కోలారు వైపు ఎవరో కన్నడంలోకి మార్చారు, క్రిష్ణగిరి వైపు నుంచి ఒకతను తమిళంలో పాడాడు. అతని మాటలు నా మాటల కంటే బాగున్నాయని తమిళం తెలిసిన మిత్రుడు చెబితే రెండు రోజులు ఆ మిత్రుడితో మాట్లాడలేదు. వినాయకుడి నిమజ్జనంలో డీజే పెట్టి దాని నడుము విరగ్గొట్టారు. పిల్లలు బడి మానకూడదని ఒక టీచరమ్మ ఆ బాణీకే మాటలు కట్టి, ఒక్కరోజూ మానకుండా వచ్చిపోండి అని పాడించింది. కుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో గ్రానైటు పనులకూ కంపెనీలకూ పోయేవాళ్లు బోగీ గోడ మీద వేళ్లతో దరువేస్తూ పాడుతుంటే స్వయంగా విన్నాను. ఆ రైల్లో, కిటికీ పక్కన కూర్చుని, ఇది నేను రాసిందే అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికి నిజంగా నమ్మేశాను కూడా.

నా సిగ్గులో పెద్ద భాగం కుప్పంలోనే ఉంది. అక్కడి కాలేజీ అమ్మాయిలు ముగ్గురు మెట్ల మీద కూర్చుని ఆ పాట పాడి, కింద ఎవరి పేరూ పెట్టకుండా వదిలారు. నేను పెట్టినదాని కంటే దాన్నే ఎక్కువ మంది విన్నారు. నంబరు సంపాదించి ఆ ముగ్గురిలో ఒకమ్మాయికి ఫోన్ చేశాను. శాంతిపురం నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల. ఒకరి కష్టాన్ని దొంగిలించడానికి సిగ్గు లేదా అని అడిగాను. అవే మాటలు, నా నోటితో.

"తప్పయిపోయింది సార్" అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. "అది ఊరి పాట అనుకున్న్యాం సార్. మా అవ్వ కూడా ఇట్లాంటివే పాడతా ఉంటాది."

ఆ మాటకు నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఇంకో పది నిమిషాలు తిట్టాను. వాళ్లు నా పేరు పెట్టి, క్షమాపణ కూడా రాశారు. అది చాలదన్నట్టు కాలేజీ వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పారు. పాట ఎలా పుట్టిందో చెప్పండి సార్ అని మైకు ఇచ్చారు. పుంగనూరు బస్టాండులో, వాన పడుతుంటే, రాని బస్సు కోసం ఎదురుచూస్తూ సిగరెట్ పెట్టె వెనక రాసుకున్నానని చెప్పాను. నేను సిగరెట్ తాగను. సభంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో కూర్చున్న శాంతిపురం పిల్ల అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆ మాటలు వీడియోగా ఫోన్లన్నీ తిరిగాయి. రెండు వారాల తర్వాత కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను.

"అప్పా, మీ వ్యాను టైరు పంక్చరైతే మా ఇంట్లో కాఫీ తాగినారే, ఆ ఇల్లు. ఒకపారి వచ్చిపోతావా? నీతో పని ఉండాది."

పాటలోని మాటే అంది, కావాలని అనలేదు. పోలీసుల దాకా వెళ్తుందా, ఊళ్లో పెద్దల్ని కూర్చోబెడుతుందా అని మూడు రోజులు సతమతమై, నాలుగో రోజు పొద్దున పుంగనూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. జవాబులు కూడా తయారు చేసుకున్నాను. మాటలు నావే కదా, మార్చింది నేనే కదా, ఇలాంటివి.

ఆమె జుట్టు బాగా నెరిసింది. ఒక్క నిష్టూరం ఆడలేదు. కొట్టంలో స్టూలు వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చింది.

"అప్పటి ఆవు పోయింది. ఇది దాని కూతురు" అంది పక్కనున్న ఆవును చూపించి. "మొన్న దీని దూడా పోయింది. పాడదామని కూసుంటి. నోరు తెరిస్తే నీ మాటలే వస్తాండాయి. టీవీలో అదే, ఆటోల్లో అదే, పెండ్లిండ్లలో అదే. ఇని ఇని నా మాటలు యాడికో పోయినాయి. మొదటి మాట తప్ప ఒకటీ గుర్తు రాలేదు."

"ఆవుకు ఏ మాటలైతేనేం అమ్మా" అన్నాను. ఆ క్షణానికి అదే తెలివైన మాట అనిపించింది.

ఆమె ఆవు మెడ నిమిరింది. "ఆవుకి కాదప్పా. నాకి ఒక బిడ్డ ఉండె. నాలుగేండ్లకు జొరమొచ్చి పోయింది. ఈడనే, ఈ గుంజ కాడ నిలబడుకోని, పాలు పితుకుతాంటే చెంబు పట్టుకోని తాగతా ఉండె. మూతంతా నురగ. దిష్టి తగలకుండా చెవి ఎనక సుక్క పెడతాంటి. ఇంట్లో బిడ్డ పేరెత్తితే మా ఆయన అన్నం మానేస్తాడు. అందుకని దూడ పేరు చెప్పి ఈడ పిలుచుకుంటాంటి. కొట్టంలో తప్ప యాడా పాడలేదు. ఇన్నోడివి నువ్వు ఒకడివే."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"పాట నీదని అందురూ అంటాండారు, అననీ. నాకి దాంతో పని లేదు" అంది. "ఆ పొద్దు ఫోన్లో పట్టుకున్న్యావే, అది ఒకపారి వినిపించు. ఇని, మళ్లీ నేర్చుకుంటా."

వచ్చేటప్పుడు బస్సులో తయారు చేసుకున్న జవాబుల్లో దీనికి జవాబు లేదు. ఆ ఫోన్ నీళ్లలో పడిపోయిందమ్మా, అందులోవన్నీ పోయాయి అన్నాను. నోరు తెరిస్తే అబద్ధం దానంతట అదే వచ్చింది. ఆమె ముఖం ఒక్కసారిగా వాడిపోయింది, కానీ వెంటనే నన్నే ఓదార్చింది.

"పోనీలేప్పా. నీళ్లలో పడితే నువ్వేం సేస్తావు" అని, వెళ్లేటప్పుడు నా చేతిలో ఒక నెయ్యి సీసా పెట్టింది.

ఆ సీసా ఇంట్లో మూత తీయకుండా అలాగే ఉంది. మా ఆవిడ ఎవరిచ్చారని అడిగితే చెప్పలేదు. ఆ వారమే ఏదో ఒకటి సరిచేద్దామని నెట్‌లో రచన గడిలోంచి నా పేరు తీసేసి జానపదం అని పెట్టాను. సగం నిజమైనా చెప్పినట్టవుతుందని అనుకున్నాను. కింద జనం ఏమని రాశారో తెలుసా? తన పాటను జనానికే ఇచ్చేసిన మహానుభావుడు అని. ఇంత పేరొచ్చినా గర్వం లేదు అని. కుప్పం నుంచి శాంతిపురం పిల్ల ఫోన్ చేసింది. మీ దగ్గర చాలా నేర్చుకోవాలి సార్ అంది. ఆ పిల్లతో నేను అప్పుడు చెప్పాను, పాట నాది కాదని, తిట్టడానికి నాకు హక్కు లేదని. నమ్మలేదు. మీరు మరీ ఇంత తగ్గి మాట్లాడకూడదు సార్ అంది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్క మాటకే నమ్మిన జనం, నిజాన్ని నా మంచితనం కింద జమ కట్టేశారు. ఇంక నిజం నమ్మే మనిషి ఒక్కరే మిగిలారు. ఆమె దగ్గరికి వెళ్లాలంటేనే నాకు కాళ్లు రాలేదు.

పది రోజుల తర్వాత వెళ్లాను. పొద్దున ఏడుకే. ఆమె కొట్టంలోనే ఉంది, ఆవు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. నేను స్టూలు మీద కూర్చోలేదు. ఆమెకు ఎదురుగా, పేడ మరకల బండ మీద కూర్చున్నాను.

"ఫోన్ నీళ్లలో పడలేదమ్మా" అన్నాను. "నేనే తుడిచేశాను. నా పాట కంటే నీదే బాగుందని మా ఇంట్లో అన్నారు. కోపమొచ్చి తుడిచేశాను. మళ్లీ దొరక్కుండా తుడిచాను."

ఆమె చెయ్యి పొదుగు మీద ఆగిపోయింది. నన్ను చూడలేదు. కోప్పడుతుందని, లేచి పొమ్మంటుందని ఎదురుచూశాను. అలా జరిగితే బాగుండునని కూడా అనిపించింది.

"తుడిసేముందు ఇన్న్యావా?" అంది.

"సగం విన్నానమ్మా. మధ్యలో ఆపేశాను."

ఆమె అప్పుడు తల తిప్పి నా వైపు చూసింది. ఆ ముఖంలో కోపం ఇసుమంత కూడా లేదు. ఆశ ఉంది.

"యా సగమప్పా?"

సుక్క అన్నాను. నురగ అన్నాను. అవి తనే మొన్న చెప్పింది కదా అన్నట్టు తల ఊపి, ఇంకా చెప్పమని నా పెదాల వైపే చూస్తూ కూర్చుంది. ఇరవై ఏళ్లుగా ఒక్కసారి వింటే బాణీ పట్టేసే నా చెవిలో వెతికాను. మొదటి చరణం మీద నా కన్నులు కూర్చుని ఉన్నాయి, రెండో దాని మీద నా వెన్నెల. మూడో చరణంలో బకెట్టులో పాలు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. గుర్తు లేదమ్మా అన్నాను. ఆ మాట ఆమెకు వినపడిందో లేదో అని మళ్లీ అన్నాను.

ఆమె ఇంకొంచెం సేపు చూసి, ఆవు వైపు తిరిగింది. పొదుగు నిమురుతూ నోరు తెరిచింది. ఒక్కసారి వచ్చిపోవా అని వచ్చింది. చప్పున పెదాలు మూసుకుంది. నేను లేచి వచ్చేదాకా మళ్లీ పాడలేదు. ఆవు పాలు వదల్లేదు.